పది రోజుల బిడ్డ: మొనలు చీలుతున్నాయి, సాయంత్రమంతా రొమ్ము వదలదు

ప్రశ్న
బిడ్డకి పది రోజులు. రొమ్ము పట్టిన ప్రతిసారీ మొదటి నిమిషం ప్రాణం పోతోంది, చనుమొనలు చీలాయి. తాగి వదిలాక మొన గుండ్రంగా కాకుండా కొత్త లిప్‌స్టిక్ కొసలా ఏటవాలుగా నొక్కుకుపోయి ఉంటోంది. సాయంత్రం 6 నుంచి 9 దాకా వదలదు. పాలు చాలట్లేదా? డబ్బా పాలు కలపాలా?

జవాబు 1
ఆ లిప్‌స్టిక్ ఆకారమే చెప్పేస్తోందండీ, బిడ్డ మొనను మాత్రమే పట్టుకుంటోంది. మొన లోపలి మెత్తటి అంగిలి దగ్గరిదాకా వెళ్లాలి. వెళ్లకపోతే నాలుకకీ గట్టి అంగిలికీ మధ్య నలుగుతుంది.

బిడ్డ పొట్ట మీ పొట్టకి ఆనాలి. చెవి, భుజం, తుంటి ఒకే వరసలో ఉండాలి, మెడ తిప్పుకుని తాగకూడదు. మొనను నోటికి కాదు, ముక్కుకి ఎదురుగా పెట్టి పై పెదవికి తాకించి ఆగండి. ఆవలింతంత నోరు తెరిచేదాకా ఓపిక పట్టండి (అందరూ తొందరపడేది ఇక్కడే). తెరవగానే గడ్డం ముందు ఆనేలా బిడ్డను దగ్గరికి తీసుకోండి, మీరు ముందుకు వంగకండి. తల వెనక చెయ్యి పెట్టి నొక్కితే బిడ్డ వెనక్కి విరుచుకుంటుంది. అరచెయ్యి భుజాల మధ్య, వేళ్లు చెవుల కింద ఉంచండి.

కుదిరితే కింది పెదవి బయటికి మడిచి ఉంటుంది, మొన చుట్టూ నల్లటి భాగం పైన ఎక్కువ, కింద తక్కువ కనిపిస్తుంది. అర నిమిషం దాటినా నొప్పి తగ్గకపోతే చిటికెన వేలు పెదవుల మూల నుంచి దూర్చి పట్టు విడిపించి మళ్లీ పట్టించండి. ఊరికే లాగితే చీలిక పెరుగుతుంది.

జవాబు 2
చాలుతున్నాయా లేదా అన్నది ఏడుపుతో తేలదు, డైపర్లు లెక్కపెట్టండి. ఐదో రోజు నుంచి 24 గంటల్లో కనీసం 6 తడి డైపర్లు, 3-4 సార్లు పసుప్పచ్చ దొడ్డి ఉండాలి. పుట్టినప్పటి బరువు రెండు వారాలకల్లా తిరిగి రావాలి. ఇందులో ఏది తగ్గినా డాక్టర్‌కి చూపించండి.

గుటక కూడా వినండి. మొదట చకచకా చప్పరిస్తుంది. పాలు చేపగానే లయ నెమ్మదించి, గడ్డం కిందికి దిగి, క్షణం ఆగి మింగుతుంది. కడుపు నిండేకొద్దీ బిగించిన పిడికిళ్లు వాటంతటవే విచ్చుకుంటాయి. చూడముచ్చటైన గుర్తు అది.

రోజుకి 8-12 సార్లు తాగడం, సాయంత్రాలు వెంటవెంటనే అడగడం ఈ వయసుకి మామూలే. ఆ పూట డబ్బా పట్టి రొమ్మును నిండుగా వదిలేస్తే పాలు ఊరడం తగ్గుతుంది. బరువు చూసి డాక్టర్ పట్టమంటే మాత్రం పట్టాల్సిందే, పట్టిన ప్రతిసారీ పాలు పిండండి.

ప్రశ్న అడిగినవారు
డైపర్లు ఏడు. ఎడమవైపు మొన గుండ్రంగా వచ్చింది! కుడి రొమ్ము రాయిలా ఉంది, నోరు జారిపోతోంది.

జవాబు 1
మొన మొదట్లో చుట్టూ వేళ్లు ఆన్చి, ఛాతీ వైపు నిమిషం పాటు మెల్లగా నొక్కి ఉంచండి. వాపు నీరు వెనక్కి జరిగి మెత్తబడుతుంది, వెంటనే పట్టించండి. అప్పటికీ గట్టిగా ఉంటే మెత్తబడేంత వరకే చేత్తో పిండండి. పంపుతో ఖాళీ చేస్తే ఇంకా ఊరతాయి. గట్టిగా మర్దనా వద్దు, తాగాక చల్లటి గుడ్డ చాలు. ఎర్రబడి చలిజ్వరం వస్తే ఆ వైపు మానకుండానే అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

ఇంకో కిటుకు. ఎడమవైపు పట్టిన భంగిమలోనే, బిడ్డను తిప్పకుండా అలాగే కుడివైపుకి జరపండి, కాళ్లు మీ కుడి చంక కింద నుంచి వీపు వైపుకి వచ్చేలా. బిడ్డకి అదే పక్క కాబట్టి తేడా తెలియదు.