పాత నవలల అట్టలు: ఏ ముద్రణ, ఎవరి బొమ్మ?

నల్లగొండ పాఠకుడు:
అందరికీ నమస్తే. మా పెదనాన్న పోయాక ఆయన పుస్తకాలు రెండు ట్రంకు పెట్టెలు మా ఇంటికొచ్చాయి, దాదాపు అన్నీ పాత తెలుగు నవలలే. ఇద్దరు దోస్తులతో కలిసి ఆదివారాలు కూర్చొని ఒక్కోదాని అట్ట ఫొటో తీసి, ప్రచురణ, ఏడాది, వెల, బొమ్మ ఎవరిదో షీట్‌లో ఎక్కిస్తున్నాను. ఒకే నవలవి మూడు ప్రతులు మూడు రకాల అట్టలతో ఉన్నాయి, రెండింట్లో ఏడాదే లేదు. ఒకే వరుసలో రాయాలా, వేరువేరుగానా? ఇంకో నాలుగు పుస్తకాలకు ఏదో లైబ్రరీలో బైండింగ్ చేస్తూ అట్టలు పీకేసి గళ్ల కాగితం అంటించారు, చూస్తే ప్రాణం ఉసూరుమంది.

పాలమూరు అటక:
వేరువేరుగానే రాయండన్నా, అట్ట మారితే అది ఇంకో వరుస. 'రెండవ ముద్రణ' అని ఉంటే ఆ మాటే దించుకోండి, మన ప్రచురణకర్తలు లోపల మార్పులు చేసినా చేయకపోయినా ముద్రణ అనే వేస్తారు. ఏడాది లేకపోతే వెల చూడండి. 2-8-0 అని, అంటే రెండు రూపాయల ఎనిమిది అణాలని, పాత అణాల లెక్కలో ఉంటే 1957 ఏప్రిల్‌కు ముందుది కావచ్చు, నయాపైసలు ఉంటే 1957 నుంచి 1964 మధ్యది. చిరునామాలో ఆరంకెల పిన్‌కోడ్ ఉందా, 1972 ఆగస్టు తర్వాతదే. జయ నామ సంవత్సరం అని మాత్రమే ఉంటే 1954-55, కాకపోతే 2014-15, కాగితం చూస్తేనే ఏదో తెలిసిపోతుంది. అట్ట మీది పొగడ్తలు కూడా చదవండి. మా సురవరం ప్రతాపరెడ్డి గారి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' 1949లో వచ్చింది, దానికి సాహిత్య అకాడమీ బహుమతి 1955లో, అందుకని ఆ బహుమతి మాట ఉన్న ప్రతి మొదటి ముద్రణ కానే కాదు.

దేవరకొండ అక్క:
తమ్మీ, బొమ్మ సంగతి నేను చెప్తా. అట్ట మీద అక్షరాలు బాపు గారి రాతలా ఉన్నాయని బొమ్మ కూడా ఆయనదే అని రాసెయ్యకు, ఆ రాతను చాలామంది అనుకరించారు, తర్వాత ఫాంట్లు కూడా వచ్చాయి. సంతకం దొరికితేనే రాయి. వడ్డాది పాపయ్య గారు 'వ.పా.' అని పెట్టేవారు, చిన్నగా ఉంటుంది. లైటు పక్కనుంచి పడేలా పెట్టి ఫోన్‌లో దగ్గరగా తియ్యి, కంటికి కనపడని గీత కూడా పైకొస్తుంది. సంతకం లేకపోతే ఆ గడి ఖాళీగా వదిలెయ్, తప్పు పేరు ఒక్కసారి ఎక్కిందంటే నలుగురూ అదే ఎత్తి రాస్తారు. ఇంకోటి, లోపలి బొమ్మలకు వేరే గడి పెట్టు, అట్ట ఒకరు, లోపల ఇంకొకరు వేసినవి చాలా ఉన్నాయి.

నల్లగొండ పాఠకుడు:
అక్కా, మీరు చెప్పినట్టే చేశా! ఎర్రచీర ఆవిడ అట్ట ఉంది చూడండి, దాని కుడి మూల పాత పుస్తకాల షాపు వాళ్ల ధర చీటీ ఉంటే తడిగుడ్డ పెట్టి మెల్లగా లేపాను, కింద 'బాపు' అని ఉంది. వెల రూపాయి యాభై నయాపైసలు. మూడూ మూడు వరుసల్లో రాసేశాం. అట్టలు పోయిన నాలుగింటి పేర్లు రాత్రికి పెడతాను, మిర్యాలగూడ, వనపర్తి వైపు ఎవరింట్లోనైనా అట్టతో ఉంటే ఫొటో పెట్టండి, వెల ఉన్న పేజీ కూడా తియ్యడం మర్చిపోకండి.