సమస్య: పైత్యమున్నవాఁడె భాగ్యశాలి

నిర్వాహకుడు: ఆటవెలది. జీర్ణక్రియ పరంగానే పూరించాలి. పైత్యాన్ని ‘పిచ్చి’ చేశారో, మార్కుల్లేవు. యతి అడిగేవారికి ముందే చెబుతున్నా: పై–భా, హల్లులు ప వర్గానివే, ఐ–ఆలకు మైత్రి ఉంది.

పద్యపిపాసి:
నేతి ముద్ద తినిన నిమిషమందె కరగి
యరుగఁ జేయు పైత్య మదియె గాదె
వేపుడైన నేమి వెన్నయైనను నేమి
పైత్యమున్నవాఁడె భాగ్యశాలి

బయాలజీ మాస్టారు: నడక బాగుంది నాయనా, శాస్త్రమే తప్పింది. పైత్యరసంలో జీర్ణ ఎంజైమే లేదు, అదేం అరిగిస్తుంది? జిడ్డుగిన్నెకు సబ్బు చేసే పనే దానిది. కొవ్వును సన్నని బిందువులుగా విడగొడుతుంది. అరిగించేది క్లోమం పంపే లైపేజు. అదేమో నీళ్లలో ఉండే ఎంజైము, కొవ్వు ముద్ద లోపలికి పోలేదు, పైపైనే పని. ముద్ద చితికితేనే దానికి చోటు. పోనీ ఆమ్లంలో పనిచేస్తుందా అంటే అదీ లేదు. కడుపులోంచి వచ్చిన పులుపును క్లోమరసంలోని బైకార్బొనేటు విరిచేయాలి. ఇక ‘నిమిషం’ సంగతి... నేతిముద్ద కడుపు దాటడానికే గంటలు పడుతుంది.

పద్యపిపాసి: చిత్తం మాస్టారూ. ‘లైపేజు’ తగణం, రెండో పాదంలో సూర్యగణాల మధ్య ఇమడక చంపింది. మూడో పాదం చివరికి తోశాను.
కొవ్వుఁ బైత్యరసము గుళికలుగాఁ జీల్చు
వానిఁ గోసివేయ వచ్చు వెనుక
క్లోమ మంపినట్టి కొడవలి లైపేజు
పైత్యమున్నవాఁడె భాగ్యశాలి

నిర్వాహకుడు: కొడవలి నాకు నచ్చింది. క్లో–కొ యతి కూడా నిక్షేపం.

చాటువుల చిన్నోడు: మార్కులొద్దు, ఊరికే.
కవిత లల్లునట్టి కవికి నిద్రలు లేవు
తిండి గుర్తురాదు తిట్టు వినఁడు
భార్య విసుగుకొన్న పద్యమే పండును
పైత్యమున్నవాఁడె భాగ్యశాలి

నిర్వాహకుడు: వద్దన్నదే చేశావు. సున్నా. (మా ఆవిడకు మాత్రం చదివి వినిపించాను.)

గోదారమ్మాయి: మా మామయ్యకు రాళ్లొచ్చి పిత్తాశయం తీసేశారు. ‘ఇక నాకు పైత్యమే లేదు’ అని బెంగ.
తిత్తిఁ దీసి రనుచు దిగులేల మామయ్య
కాలిజమ్ము రసము కార్చుచుండు
బొట్టు బొట్టుగానె పొట్టలోనికి జారు
పైత్యమున్నవాఁడె భాగ్యశాలి

బయాలజీ మాస్టారు: బాగు తల్లీ! పైత్యం పుట్టేది కాలేయంలోనే, రోజుకు 500 నుంచి 1000 మి.లీ. దాకా. తిత్తి దాన్ని చిక్కబరిచి దాచేదే. కొవ్వు ఆంత్రమూలానికి (చిన్నప్రేగు మొదటి భాగానికి) చేరగానే కోలిసిస్టోకైనిన్ అనే హార్మోను తిత్తిని ముడుచుకునేలా చేస్తుంది, క్లోమాన్నీ అదే లేపుతుంది. తిత్తి లేకపోతే ఆ ఒక్కసారి కుమ్మరింపు ఉండదు, అందుకే ఒకేసారి ఎక్కువ నెయ్యి పడితే కొందరికి విరేచనమవుతుంది. ‘పొట్ట’ బదులు ‘ప్రేగు’ రావాలి గాని, బొ–పొ పోతుందని ఊరుకుంటున్నా.

గోదారమ్మాయి: మామయ్య పద్యం విన్నాడు మాస్టారూ. రెండో పాదం దగ్గరే ఆపి, కాలిజం కూర ఎప్పుడు వండుతావన్నాడు.