సమ్మర్ ఫ్యామిలీ డే – స్పోర్ట్స్ కార్నర్ ప్లానింగ్: బజరంగ్ లాల్ తాఖర్ సెషన్

స్పోర్ట్స్ కార్నర్ లీడ్:
అందరికీ నమస్కారం అండి. కమిటీ ఓకే చెప్పేసింది, ఈసారి పిల్లలకి క్రికెట్, బ్యాడ్మింటన్ కాకుండా రోయింగ్ పెడుతున్నాం. మనం ఉండేది ఇంగ్లాండ్‌లోని రెడింగ్‌లో, పక్కనే థేమ్స్, కావర్‌షమ్‌లో బ్రిటన్ టీమ్ ప్రాక్టీస్ చేసే లేక్ ఉంది, స్లావ్ వాళ్ళకైతే డోర్నీ లేక్ ఇంకా దగ్గర, 2012 ఒలింపిక్స్ రోయింగ్ అంతా అక్కడే జరిగింది, మన స్వర్ణ్ సింగ్ సింగిల్ స్కల్స్‌లో, అంటే ఒక్కరే రెండు తెడ్లతో నడిపే పడవ రేస్‌లో, అక్కడే దిగి 16వ స్థానంలో వచ్చాడు. ఇంత దగ్గర ఉండి మన పిల్లల్లో చాలామందికి తెడ్డు ఎలా ఉంటుందో కూడా తెలీదు, అది నాకు నిజంగా బాధ.

సెషన్ మొత్తం ఒక్క మనిషి మీద పెడదాం అనుకుంటున్నా, బజరంగ్ లాల్ తాఖర్. రాజస్థాన్ సీకర్ జిల్లా, నీళ్ళకి కటకటలాడే ప్రాంతం నుంచి వచ్చి, ఆర్మీలో రాజ్‌పుతానా రైఫిల్స్‌లో చేరాక పడవ ఎక్కినవాడు. 2006 దోహా ఏషియన్ గేమ్స్‌లో సింగిల్ స్కల్స్ సిల్వర్, 2008 బీజింగ్ ఒలింపిక్స్, 2010 గ్వాంగ్‌ఝౌలో గోల్డ్, ఏషియన్ గేమ్స్ రోయింగ్‌లో ఇండియాకి అదే మొట్టమొదటి గోల్డ్. 2013లో పద్మశ్రీ. అప్పట్లో చీఫ్ కోచ్ మన హైదరాబాద్ ఇస్మాయిల్ బేగ్ గారు, ద్రోణాచార్య అవార్డు తీసుకున్నాయన, ఈ మాట స్టేజ్ మీద గట్టిగా చెప్పాలి. ఆడటం ఆపేశాక తాఖర్ కూడా కోచింగ్‌లోకి వచ్చాడు, 2024 పారిస్‌కి వెళ్ళిన బల్‌రాజ్ పన్వర్ ఆయన శిష్యుడే.

స్లైడ్స్ ఎవరు చేస్తారో చెప్పండి.

స్టేజ్, స్లైడ్స్:
అక్కా నేను చేస్తా. కానీ ఒక మాట, పది నిమిషాలే ఇచ్చారు కదా, గ్వాంగ్‌ఝౌ గోల్డ్ దగ్గర ఆపేస్తే బాగుంటుంది, జెండా ఫోటో, చప్పట్లు, అయిపోయింది. కోచింగ్ పార్ట్ పెడితే పిల్లలు లేచి వెళ్ళిపోతారు, పైగా బీజింగ్‌లో ఆయనది 21వ స్థానం, పారిస్‌లో శిష్యుడిది 23వ స్థానం, ఈ నంబర్లు చూపించి ఏం చెప్తాం?

స్పోర్ట్స్ కార్నర్ లీడ్:
తమ్ముడూ, నేను ఈ సెషన్ పెట్టాలనుకున్నదే ఆ నంబర్ల కోసం. రోయింగ్‌లో స్థానాలు తేల్చడానికి ఒక్క ఫైనల్ కాదు, చాలా ఉంటాయి, ఒక్కోదాంట్లో ఆరు లేన్లు, ఫైనల్ ఎ లో ఒకటి నుంచి ఆరు, బి లో ఏడు నుంచి పన్నెండు, అలా వెళ్తే 19 నుంచి 24 దాకా ఫైనల్ డి. అంటే గురువు బీజింగ్‌లో, పదహారేళ్ళకి శిష్యుడు పారిస్‌లో, ఇద్దరూ పోటీ పడింది ఫైనల్ డి లోనే. ఆసియాలో గోల్డ్ కొట్టగలిగినవాడికి ఒలింపిక్స్‌లో ముందు ఇంకా ఎంతమంది ఉంటారో తాఖర్‌కి స్వయంగా తెలుసు, పన్వర్‌ని పారిస్‌కి తయారుచేసేటప్పుడు ఆ అనుభవం పక్కనే ఉంది. 2024 ఏప్రిల్‌లో కొరియాలోని చుంగ్జూలో జరిగిన క్వాలిఫయర్‌లో పన్వర్ మూడో స్థానంలో వచ్చి కోటా, అంటే ఒలింపిక్స్‌లో చోటు, తెచ్చాడు, ఆ పారిస్‌కి రోయింగ్‌లో ఇండియా నుంచి వెళ్ళింది అతనొక్కడే. హీట్‌లో, అంటే మొదటి రౌండ్‌లో, నాలుగో స్థానం వచ్చింది, అయినా రెపెషాజ్‌లో, అంటే హీట్‌లో వెనకబడ్డవాళ్ళకి ఇచ్చే రెండో అవకాశం రేస్‌లో, రెండో స్థానంలో నిలబడి క్వార్టర్స్‌కి వెళ్ళాడు. ఓడిపోయాక మళ్ళీ ఇంకో రేస్ ఇచ్చే ఆట ఇది, మన పిల్లలకి రెపెషాజ్ అంటే ఏంటో ఒక్క స్లైడ్‌లో చెప్పినా చాలు.

గోల్డ్ దగ్గర ఆపితే అది ఒక్క రోజు కథ అవుతుంది. ఐదు నిమిషాలు ఆట, ఐదు నిమిషాలు కోచింగ్, సగం సగం. ఈ విషయంలో నేను వెనక్కి తగ్గను, ఏమనుకోకు.

వాలంటీర్ (పాప రోయింగ్ చేస్తుంది):
ఇక్కడ నేను కొంచెం చెప్తా అండి. మా పాప స్కూల్ క్లబ్‌లో నేర్చుకుంటోంది, ఒడ్డున నిలబడి చూస్తూ ఉంటా. చూసేవాళ్ళు చేతుల ఆట అనుకుంటారు, అసలు బలమంతా కాళ్ళది, సీటు పట్టాల మీద ముందుకీ వెనక్కీ జరుగుతుంది, తెడ్డు నీళ్ళల్లో పడ్డాక ముందు కాళ్ళతో తన్నాలి, తర్వాత నడుము, ఆఖరికి చేతులు, తిరిగి వచ్చేటప్పుడు సరిగ్గా రివర్స్, చేతులు, నడుము, కాళ్ళు. కొత్తవాళ్ళు అందరూ చేతులు తొందరగా లాగేస్తారు. పైగా వీపు వెళ్ళే వైపు ఉంటుంది, ముందేముందో కనపడదు. సింగిల్ స్కల్స్‌లో అయితే రెండు తెడ్లు, ఒక్క మనిషి, పడవ బరువు పద్నాలుగు కేజీలు, కొంచెం ఒరిగినా నీళ్ళల్లోనే.

అందుకే ప్రాక్టీస్‌లో కోచ్ మోటార్ బోట్‌లో పక్కనే వస్తూ మెగాఫోన్‌లో చెప్తూ ఉంటారు, తనకి కనపడనిది వాళ్ళకి కనపడుతుంది కదా. మా పాప కోచ్ ఒకసారి అరగంటసేపు ఒక్కటే మాట చెప్పారు, తెడ్డు బయటికి తీశాక చేతులు ముందు పోనివ్వు, మోకాళ్ళు తర్వాత లేపు అని. ఇంకేం లేదు, అదొక్కటే. చివర్లో పడవ కింద నీళ్ళ శబ్దమే మారింది, ఒడ్డున ఉన్న నాకు కూడా తెలిసింది. కానీ రేస్‌లో అది కుదరదు, మొదలయ్యాక రేడియోలో గానీ ఫోన్‌లో గానీ చెప్పకూడదని రూల్. రెండు వేల మీటర్లూ తన బుర్రే తనకి దిక్కు. తాఖర్ లాంటాయన, నిన్నటిదాకా తనే తెడ్డు వేసినవాడు, శిష్యుడి రేస్ అప్పుడు ఊరికే చూస్తూ ఉండాలంటే ఎంత కష్టమో ఆలోచించండి, నాకైతే ఆటకన్నా అదే కష్టం అనిపిస్తుంది. స్లైడ్స్‌లో ఇది రావాలి.

స్టేజ్, స్లైడ్స్:
సరే అక్కా, ఒప్పుకున్నా, సగం సగం. రెపెషాజ్‌కి ఒక స్లైడ్, కాళ్ళు నడుము చేతులు ఆర్డర్‌కి ఒక బొమ్మ నేనే గీస్తా. మరి ఎర్గ్ మిషన్‌తో, అదే నేల మీద రోయింగ్ చేయించే మిషన్‌తో, ఏం చేయిస్తున్నాం?

స్పోర్ట్స్ కార్నర్ లీడ్:
రోయింగ్ క్లబ్ వాళ్ళు రెండు కాన్సెప్ట్2 కంపెనీ ఎర్గ్‌లు ఇస్తామన్నారు. నా ఐడియా ఇది, గ్వాంగ్‌ఝౌలో 2000 మీటర్లకి తాఖర్ టైమ్ 7:04.78. నాలుగుతో భాగిస్తే 500 మీటర్లకి 1:46 పైన. ఎర్గ్ మీటర్ మీద పెద్దగా కనపడేది కూడా ఆ 500 మీటర్ల టైమే. ఎనిమిది మంది పిల్లలు తలా 250 మీటర్లు లాగితే 2000 అవుతుంది, ఒక్కొక్కరికి 53 సెకన్లు టార్గెట్. ఎనిమిది మంది కలిసి ఆయన ఒక్కడి టైమ్‌ని అందుకోగలరా అని బోర్డు మీద రాద్దాం. నీళ్ళ మీద టైమూ మిషన్ మీద టైమూ ఒకటి కాదు, గాలి ఉంటుంది, అల ఉంటుంది, ఆ మాట యాంకర్ చెప్పాలి, లేకపోతే ఏ టీనేజ్ బాబో గెలిచేసి ఛాంపియన్‌ని ఓడించా అని వెళ్ళిపోతాడు.

హాల్, సేఫ్టీ:
అమ్మా, ప్లాన్ బాగుంది, కానీ నా వైపు నుంచి కొన్ని ఖచ్చితంగా ఉండాలి. పన్నెండేళ్ళ లోపు పిల్లలకి పోటీ వద్దు, వాళ్ళు నెమ్మదిగా పద్ధతి నేర్చుకుంటే చాలు. మిగతా అందరికీ పేరెంట్స్ సంతకంతో కన్సెంట్ ఫామ్, ఫోటోలకి వేరే టిక్ బాక్స్. వార్మప్ లేకుండా ఎవర్నీ సీట్లో కూర్చోబెట్టొద్దు, దుపట్టాలు, పొడుగు లంగాలు పట్టాల మధ్య ఇరుక్కుంటాయి కాబట్టి డాన్స్ కాస్ట్యూమ్‌లో ఉన్న పిల్లలు మార్చుకునే రావాలి, ఇది ఫ్లయర్‌లోనే వేయండి. మిషన్ పక్కన లాగే బరువు మార్చే లివర్ ఉంటుంది కదా, ఒకటి నుంచి పది, మగపిల్లలు అందరూ పదికే తిప్పుతారు, మూడు నాలుగు దగ్గర పెట్టి దాని దగ్గర ఒక వాలంటీర్ నిలబడాలి. నడుం పట్టేస్తే సోమవారం ఫోన్లు నాకే వస్తాయి.

వాలంటీర్ (పాప రోయింగ్ చేస్తుంది):
లివర్ దగ్గర నేనుంటా అండి. మా పాప డెమో చేస్తుంది, పద్ధతి తప్పు ఎలా ఉంటుందో, రైట్ ఎలా ఉంటుందో రెండూ చేసి చూపిస్తుంది. ఇంకో విషయం, ఎవరైనా పెద్దపిల్లలు లాస్ ఏంజిలిస్ 2028 గురించి అడిగితే, అక్కడ రేస్ 1500 మీటర్లే, కోర్సు చిన్నది, అది యాంకర్‌కి ముందే చెప్పి ఉంచండి.

స్పోర్ట్స్ కార్నర్ లీడ్:
చాలా థ్యాంక్స్ అండి. అయితే ఆర్డర్ ఇలా, ముందు డెమో, తర్వాత స్లైడ్స్, ఆ తర్వాత రిలే. డాన్స్ ప్రోగ్రామ్ మధ్యలో మాత్రం మిషన్ నడపొద్దు, ఫ్యాన్ చప్పుడు గట్టిగా ఉంటుంది. రిలేలో ప్రతి టీమ్‌కీ ఒకరు దిగరు, పక్కన మోకాళ్ళ మీద కూర్చుని టైమ్ చూసి మిగతావాళ్ళకి చెప్తూ ఉంటారు, ఆ పిల్ల లేదా పిల్లాడు టీమ్ కోచ్, సర్టిఫికెట్ మీద ఆ పేరు కూడా అదే సైజులో రావాలి.

ఇంకా ఖాళీ ఉన్నవి: ఎర్గ్‌లు మోసుకొచ్చే వ్యాన్‌కి ఒక డ్రైవర్, రిజిస్ట్రేషన్ టేబుల్ దగ్గర ఇద్దరు, ఫస్ట్ ఎయిడ్ సర్టిఫికెట్ ఉన్నవాళ్ళు ఒకరు. మీటర్లు బ్యాటరీ మీద నడుస్తాయి, స్పేర్ బ్యాటరీలు ఎవరు తెస్తారో ఇక్కడే పేరు పెట్టండి.