టేకులో పుట్టిన డైలాగ్‌కి ఎవరి పేరు వేయాలి?

గడియారం సెంటర్:
నల్లగొండలో ఎనిమిది మందిమి కలిసి ఒక వెబ్ సిరీస్ తీస్తున్నాం. ఐకేపీ వడ్ల కొనుగోలు కేంద్రం, అక్కడ పనిచేసే నలుగురు, వచ్చిపోయే రైతులు, హమాలీలు. కామెడీ అంతా ఆ టెంటు కిందే. నేను ఎడిటర్ని.

తేమ 17 శాతం దాటితే వడ్లు కాంటా పెట్టరు కదా. ఒక సీన్‌లో మిషన్ 19 చూపిస్తుంది. స్క్రిప్టు ప్రకారం రైతు "సరే సారూ, ఇంకో రెండు దినాలు ఎండబోస్త" అని వెళ్లిపోవాలి. ఆ వేషం వేసింది దేవరకొండ దిక్కు ఒగ్గుకథ చెప్పే పెద్దాయన. టేకులో ఆయన కాసేపు ఆగి, "గా మిషన్ నా కండ్ల కాడ పెట్టు సారూ, అండ్ల ఎంత తేమ సూపిస్తదో సూద్దాం" అన్నాడు. అందరం నవ్వాం, ఆ వెంటనే ఎవరికీ మాట రాలేదు. ట్రైలర్‌లో అదే పెట్టాం. టైటిల్స్‌లో మాత్రం రచన కింద ఒక్కరి పేరే ఉంది. "మాటల సహకారం" అని పెద్దాయన పేరు కూడా వేద్దామంటే రచయిత ఒప్పుకోవడం లేదు. మీరేమంటారు?

కలం కాగితం:
ఆ రచయితను నేనే. పెద్దాయన గొప్పతనాన్ని నేను కాదనడం లేదు. కానీ ఆ మాట ఎందుకు అంత పేలింది? అంతకుముందు రెండు సీన్లలో ఆ మిషన్‌ను నేను చూపించాను. ఒకసారి బ్యాటరీ అయిపోతుంది, ఒకసారి ఒకే కుప్పకు రెండు రకాల అంకెలు చూపిస్తుంది. అవి లేకపోతే ఆ మాట గాలిలో పోయేది.

ఆఫీసు కామెడీ అనగానే అందరూ అమెరికా "ద ఆఫీస్" పేరు చెప్పి, అందులో నటులంతా నోటికొచ్చింది మాట్లాడారు అంటారు. అది నిజం కాదు. 2005లో వచ్చిన మొదటి ఎపిసోడ్, అదే పేరుతో అంతకుముందు వచ్చిన బీబీసీ సిరీస్ స్క్రిప్టుకు దాదాపు నకలు. ఆ తర్వాత కూడా ప్రతి ఎపిసోడ్‌కు స్క్రిప్టు ఉంది, రాసే బృందం ఉంది. హీరో స్టీవ్ కరెల్ 2006లో ఒక ఎపిసోడ్ తానే రాశాడు, దానికి రచయితగా ఆయన పేరే వేశారు. అదే ఏడాది ఇంకో ఎపిసోడ్‌లో, కౌగిలించుకోవాలని రాసిన చోట స్క్రిప్టులో లేని ముద్దు పెట్టాడు. ఆ సీన్ ఎంతో పేరు తెచ్చుకుంది. అయినా ఆ ఎపిసోడ్‌కు రచయితగా గ్రెగ్ డేనియల్స్ పేరే ఉంది. నటుడు సీన్‌ను పైకి లేపడం నటనే.

పాలమూరు టీచర్:
తమ్ముడూ, ఆ సిరీస్ నుంచే ఇంకో సంగతి చెప్తాను. అందులో మిండీ కేలింగ్, బీజే నోవాక్, పాల్ లీబర్‌స్టీన్ రాసేవాళ్లే, నటించేవాళ్లే. అక్కడ రెండు పనుల మధ్య గోడ కట్టుకోలేదు. 2006 ఎండాకాలంలో ఇంటర్నెట్ కోసం పది చిన్న ఎపిసోడ్లు తీశారు, వాటికి అవార్డు కూడా వచ్చింది. రాసినందుకు డబ్బులు రాలేదని ఆ రచయితలే 2007 నవంబర్‌లో మొదలైన సమ్మెలో రోడ్డు మీద నిలబడి చెప్పారు. ఆ సమ్మె 2008 ఫిబ్రవరి దాకా నడిచింది. పేరు, డబ్బు రెండూ ఒకే తాడుకు కట్టి ఉంటాయని వాళ్లకు తెలుసు.

ఇక మన సంగతి. ఒగ్గుకథ చెప్పేవాళ్లకు కాగితం ఏది? ఎదురుగా కూర్చున్నవాళ్ల ముఖాలు చూసి అప్పటికప్పుడు మాట పెంచుతారు, తుంచుతారు. అది నటన మాత్రమే అంటే వాళ్లు నేర్చుకున్న విద్యలో సగం కొట్టేసినట్టే. మా నాయనమ్మ నాట్లు వేస్తూ పాడే పాటలు ఒకాయన వచ్చి సెల్‌లో రికార్డు చేసుకుపోయాడు. తర్వాత వీడియో వస్తే రచన అని ఆయన పేరే ఉంది. నాయనమ్మకు చదువు రాదు. "నా పేరు ఏడున్నదే?" అని స్క్రీన్ మీద వేలు పెట్టి అడిగింది. నేను ఏం చూపించాలి? ఇప్పటికీ ఆ వేలు గుర్తొస్తే కడుపులో తిప్పుతుంది.

సౌండ్ అన్న:
పెద్దాయనకు ఎంత ఇచ్చారు?

గడియారం సెంటర్:
రోజుకు 1500, రెండు రోజులు. అన్నం, బస్ చార్జీ మేమే చూసుకున్నాం. రచయితకు ఇంకా రూపాయి ఇవ్వలేదు, అది కూడా ఇక్కడ చెప్పాలి.

కలం కాగితం:
అక్కా, మీ నాయనమ్మకు జరిగింది దొంగతనం. దాన్ని నా పనితో కలపకండి, బాధగా ఉంది. నాది ఒకటే ప్రశ్న. రేపు ప్రతి నటుడూ తన యాసలో రెండు ముక్కలు కలిపి పేరు అడిగితే గీత ఎక్కడ గీస్తాం?

పాలమూరు టీచర్:
బాధపెట్టాలని కాదు తమ్ముడూ. గీత ఇక్కడ గీద్దాం: ఆ మాట వల్ల కథ మారిందా, లేదా? నువ్వు రాసిన రైతు తల వంచుకుని పోతాడు. పెద్దాయన రైతు మాట అన్నాక తల వంచింది ఎవరు?

గడియారం సెంటర్:
మిషన్ పట్టుకున్న ఉద్యోగి. ఎడిటింగ్‌లో ఆ ముఖం మీదే ఐదు సెకన్లు ఆగాను. ఇంకోటి, అన్నా, నువ్వు చెప్పలేదు కాబట్టి నేనే చెప్తున్నాను. ఆ టేకు చూశాకే నాలుగో ఎపిసోడ్ మళ్లీ రాశావు. ఆ ఉద్యోగి రాత్రి ఒక్కడే కుప్ప దగ్గర కూర్చునే సీన్ ముందు లేదు.

కలం కాగితం:
నిజమే, లేదు. నిన్నంతా దాని గురించే ఆలోచించాను. ఆ ఉద్యోగికి మనసుందని నాకు ఆయన మాట విన్నాకే తెలిసింది. మొదటి, నాలుగో ఎపిసోడ్లకు "మాటల సహకారం" వేయండి. మొత్తం సిరీస్‌కు వేస్తే మాత్రం ఒప్పుకోను. మిగతా పేజీలకు నిద్ర మానుకున్నది నేను.

సౌండ్ అన్న:
అది న్యాయమే. డబ్బులు వస్తే అందులో కూడా వాటా రాసుకోండి, ఇప్పుడే, కాగితం మీద.

గడియారం సెంటర్:
పేరు ఎలా వేయాలో అడుగుదామని పొద్దున పెద్దాయనకు ఫోన్ చేశాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆ మాట నాది కాదు బిడ్డా. పోయిన యాసంగిల మా ఊరి కాంటా కాడ ఒకామె అన్నది. వానకు వడ్లు తడిసినయ్ ఆమెవి. నేను పక్కనే ఉన్న" అన్నాడు.

పాలమూరు టీచర్:
ఆమెను అడిగారా? ట్రైలర్ ఇంకా నడుస్తూనే ఉంది కదా.

కలం కాగితం:
ట్రైలర్ పొద్దున్నే ఆపించాను. ఆదివారం దేవరకొండ బస్సెక్కుతున్నాం, ఎడిటర్, నేను, పెద్దాయన. ఆమె వద్దంటే ఆ సీన్ తీసేస్తాం.