సరం పేలితే సౌండ్ పగులుతోంది: లిమిటర్ పెట్టాలా, ఒక్కో సౌండ్‌నూ తగ్గించాలా?

అరండల్‌పేట_కోడర్:
మాది ఇద్దరం కలిసి చేస్తున్న దీపావళి వీడియో ఆట, గోడో అనే గేమ్ ఇంజన్‌లో. సీమటపాకాయ ఒక్కటి పేలితే బ్రహ్మాండంగా ఉంది. సరం అంటించగానే పది పన్నెండు ఒకేసారి పేలే చోట ఇయర్‌ఫోన్‌లో బరబరమని పగులుతోంది. కారణం తెలుసు. ఒకే ఫైల్ ఒకే క్షణంలో రెండుసార్లు మొదలైతే 6 డెసిబెల్స్ పెరుగుతుంది, పదిసార్లయితే 20. హద్దు దాటిన అల పైభాగం కోసుకుపోతుంది. అందుకని అన్ని సౌండ్లూ కలిసి బయటికి పోయే దారిలో, అంటే మాస్టర్ బస్‌లో, హద్దు దాటబోయే సౌండ్‌ని నొక్కిపట్టే లిమిటర్ పెట్టాను, పగలడం ఆగింది. ఇప్పుడేమో సౌండ్స్ చేసే మావాడు చప్పగా అయిందని గొడవ. నేను చేసింది తప్పా?

వన్‌టౌన్_మైక్‌సెట్:
తప్పే తమ్ముడూ. విజయవాడలో పాతికేళ్లు మైక్‌సెట్ నడిపిన వాడిగా చెబుతున్నా. ఒక పెళ్లిలో పాటల పార్టీ వాళ్లు నన్ను అడక్కుండా మిక్సర్‌లో గెయిన్ (లోపలికొచ్చే సౌండ్‌ని పెంచే నాబ్) పైకి ఎక్కించేశారు. నేను ఆంప్లిఫయర్ దగ్గర తగ్గించాను, ఏం లాభం? పగిలిన సౌండే కాస్త చిన్నగా వినిపించింది. మళ్లీ పెంచమన్నారు, పెంచాను, రెండు హారన్ యూనిట్లు కాలిపోయాయి. ఆ డబ్బులు ఈ రోజుకీ రాలేదు. పుట్టే చోట తగ్గించాలి, బయటికి పోయే చోట కాదు.

పటమట_ప్లేయర్:
అవన్నీ సరే గానీ, మీ డెమో ఆడాను. వాల్యూమ్ స్లైడర్ సగానికి తెచ్చినా ఫుల్‌గానే ఉంది, చివరి కొసలో ఒక్కసారిగా మూగబోతోంది. ముందు అది చూడండి.

అరండల్‌పేట_కోడర్:
బాబాయ్, మీ మిక్సర్ వేరు, ఇది వేరు. 16 బిట్ అంకెల్లో కలిపితే, వాటిలో అతి పెద్దదైన 32767 దాటగానే అక్కడే చెడుతుంది, హద్దు వేయకపోతే అంకె తిరగబడి ఇంకా ఘోరంగా ఉంటుంది. గోడో లోపల ఫ్లోట్‌లో, అంటే దశాంశ అంకెల్లో, కలుపుతుంది కాబట్టి మధ్యలో పై హద్దు 1.0 దాటినా ఏమీ కాదు, చివర బయటికి వెళ్లే ముందు తగ్గిస్తే చాలు. ఒక్కో టపాకాయనూ 20 డెసిబెల్స్ తగ్గించేస్తే ఒంటరిగా పేలినప్పుడు చిటపటమని కూడా వినపడదు. మోగుతున్న సౌండ్ల లెక్కతో భాగిద్దామా అంటే, టపాకాయ పేలిన ప్రతిసారీ వెనక పాట కిందికీ పైకీ ఊగుతుంది.

వన్‌టౌన్_మైక్‌సెట్:
లిమిటర్ పెట్టినా ఊగుతుంది కదయ్యా! మాస్టర్‌లో పెడితే టపాకాయ గట్టిగా వచ్చినప్పుడల్లా పాటనూ అదే తొక్కుతుంది.

అరండల్‌పేట_కోడర్:
అది నిజమే, ఒప్పుకుంటున్నా. అందుకే సీమటపాకాయ నాలుగు మించి ఒకేసారి మోగకుండా ఇప్పుడే కట్టేశాను, ఒక్కోటి కొన్ని మిల్లీసెకన్లు అటూ ఇటూ మొదలయ్యేలా, పిచ్ కాస్త మారేలా చేశాను. లిమిటర్‌కి పని చాలా తగ్గింది. అయినా తీయను.

పటమట_ప్లేయర్:
స్లైడర్?

అరండల్‌పేట_కోడర్:
స్లైడర్ 0.5 అంటే తగ్గేది 6 డెసిబెల్సే. చెవికి సగం అనిపించాలంటే దాదాపు 10 తగ్గాలి. ఆ విలువను వర్గం చేసి డెసిబెల్స్‌లోకి మారిస్తే సగం దగ్గర 12 తగ్గుతుంది, ఈ వారం మారుస్తాను.

కృష్ణలంక_సౌండ్:
ఆ ‘మావాడు’ నేనే. ఇక్కడికొచ్చి పంచాయితీ పెట్టేముందు నాకొక ఫోన్ చేయొచ్చు కదా. రెండు దీపావళులు మేడ మీద నిలబడి, పొగకి కళ్లు మండుతుంటే రికార్డ్ చేసిన సౌండ్లు అవి. బాంబుకి మొదటి దెబ్బే ప్రాణం. నీ లిమిటర్ సరిగ్గా ఆ దెబ్బనే మింగేసింది.

అరండల్‌పేట_కోడర్:
అయితే అందరి ముందే చెబుతా. నువ్వు పంపిన ప్రతి ఫైలూ పై హద్దు తాకేంత గట్టిగా ఉంటుంది, తగ్గించి పంపమంటే వినవు. ఆ లక్ష్మీ బాంబు ఫైల్ జూమ్ చేసి చూశావా? అల కొసలు సూదుల్లా ఉండాల్సిన చోట, మొదటి దెబ్బ దగ్గరే, కత్తిపీటతో కోసినట్టు బల్లపరుపుగా ఉన్నాయి. ఫోన్ మైకులోనే పగిలిపోయింది. నేను వాల్యూమ్ ఎంత తగ్గించినా అది పగిలే వినిపిస్తుంది.

వన్‌టౌన్_మైక్‌సెట్:
అదే కదయ్యా నేను మొదటి నుంచీ మొత్తుకునేది, పుట్టే చోట!

పటమట_ప్లేయర్:
కొట్టుకోకండి అన్నా, ఆట బాగుంది.

కృష్ణలంక_సౌండ్:
ఇప్పుడే తెరిచి చూశాను. బాంబు ఫైల్ విషయంలో నువ్వు చెప్పింది నిజం, దగ్గరగా పెట్టేశాను, ఈసారి ఫోన్ దూరంగా పెట్టి మళ్లీ తీస్తా. కానీ నా బాధ ఫైల్ గురించి కాదురా. నువ్వు లిమిటర్ పెట్టిన సంగతి నాకు తెలియనే తెలియదు. నా చెవులకే ఏదో అయిందనుకుని మూడు రాత్రులు సీమటపాకాయని మళ్లీ మళ్లీ మిక్స్ చేశాను. చప్పగా వస్తోందని ఇంకా గట్టిగా చేసి పంపాను, నువ్వేమో ఇంకా నొక్కావు. నాతో ఒక్క మాట అంటే సరిపోయేది.

అరండల్‌పేట_కోడర్:
నువ్వు కావాలనే పెంచుతున్నావనుకున్నాను. చెప్పాల్సింది, చెప్పలేదు, అది నా తప్పే. లిమిటర్‌ని ఆన్, ఆఫ్ చేసే బటన్ పెట్టి రాత్రికి బిల్డ్ (ఆట కొత్త కాపీ) పంపుతాను. సౌండ్ ఎంత గట్టిగా వస్తే లిమిటర్ నొక్కడం మొదలవ్వాలో ఆ అంకె నువ్వే విని పెట్టు.

కృష్ణలంక_సౌండ్:
పంపు. పాటకీ టపాకాయలకీ బస్‌లు విడదీసి పంపు, లిమిటర్ టపాకాయల మీదే ఉంచి విందాం. ఆదివారం గుంటూరు వస్తా, నీ ఫోన్ స్పీకర్‌లో కూడా వినాలి.