ఈ కోరిక మనదా, టీవీదా?

పట్టునూలు (బరంపురం):
మేనకోడలి పెళ్ళికి చీరలు కొనాలి. మా వెనక వీధిలోనే మగ్గాలున్నాయి. గుడి గోపురాల ఫోడా కుంభ అంచుతో నేసే బరంపురం పట్టుకి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. పిల్లేమో విశాఖ వెళ్ళి కంచిపట్టే కొంటానంటోంది. తెలుగు ఛానల్లో సీరియల్ ఆపినప్పుడల్లా కనపడే పెళ్ళికూతురు కట్టేది అదే కదా! మగ్గం మీద నేసేవాడికి ప్రకటన ఇచ్చుకునే స్తోమత ఎక్కడిది? నా మట్టుకు ఆ కోరిక టీవీదే. మీరేమంటారు?

రాయగడ రైలు:
అన్నీ టీవీ మీద తోసేస్తే ఎలాగండీ! పక్కింటావిడ మెళ్ళో కాసులపేరు చూసి మన అమ్మమ్మలు అలగలేదా? ప్రకటనల వల్ల మేలూ ఉంది. 1969లో అహ్మదాబాద్‌లో కర్సన్‌భాయ్ పటేల్ సైకిల్ మీద తిరిగి అమ్మిన నిర్మా పొడి మన సంతల దాకా ఎలా వచ్చిందనుకున్నారు? ఆ పాట వల్లే. సర్ఫ్ కొనలేని ఇళ్ళకి చవకలో ఇంకోటుందని తెలిసింది.

మహేంద్రతనయ (పర్లాకిమిడి):
పోల్చుకోడం అప్పుడూ ఉంది, కాదనను. కాకపోతే కాసులపేరావిడ వీధికి ఒక్కర్తే. ఆవిడ మొగుడు తాగొస్తాడనీ, ఇంటి మీద అప్పుందనీ కూడా మనకి తెలుసు. ప్రకటనలో మనిషికి అప్పుండదు, మోకాళ్ళ నొప్పుండదు. ఎంత కొన్నా ఆ ఇల్లు మన ఇల్లు అవదు. 1975లో వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ సంగతే చూడండి. తెల్లబడితేనే ఉద్యోగం, తెల్లబడితేనే సంబంధం అని ఏళ్ళ తరబడి చూపించి, 2020లో పేరులో ‘ఫెయిర్’ తీసి ‘గ్లో’ పెట్టారు. ముందు మనల్ని చిన్నబుచ్చితే గాని క్రీము అమ్ముడుపోదు మరి.

రాయగడ రైలు:
నలుపంటే చిన్నచూపు వాళ్ళు పుట్టించిందా? పెళ్ళిచూపుల్లో ‘పిల్ల కాస్త చామనఛాయ’ అని గొణిగింది మన పెద్దాళ్ళే.

మహేంద్రతనయ:
సరే, పుండు మనదే. దాని మీద దుకాణం పెట్టింది వాళ్ళు.

గంజాం గడుగ్గాయి:
మీ తగువు బాగుంది గానీ, అసలు దెబ్బ వాయిదాల్లో ఉంది. సున్నా వడ్డీ పథకాలు కుదరవని రిజర్వు బ్యాంకు 2013లోనే చెప్పింది. ఇప్పుడు ‘నో కాస్ట్ ఈఎంఐ’ అంటున్నారు. వడ్డీ ఉంటుంది, దానికి సరిపడా డిస్కౌంటు చూపిస్తారు. క్రెడిట్ కార్డు మీదైతే ఆ వడ్డీకి 18 శాతం జీఎస్టీ మన నెత్తినే. ప్రాసెసింగ్ ఫీజు ఉంటే అదీ. ఠాకురాణీ జాత్రకి కొత్త ఫోన్లు తీసిన కుర్రాళ్ళలో ఈ లెక్క వేసినోడు నాకైతే కనపళ్ళేదు.
2019 వినియోగదారుల చట్టం ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటనకి 10 లక్షల దాకా జరిమానా, మళ్ళీ చేస్తే 50 లక్షల దాకా. చెప్పేది నిజమో కాదో చూసుకోకుండా అందులో మెరిస్తే తారకీ తప్పదు. కానీ ‘ఇది కొంటే నీ బతుకు నిండుతుంది’ అంటే ఏ చట్టం పట్టుకుంటుంది?

రాయగడ రైలు:
మరి మాలాంటి చిన్న కొట్లవాళ్ళు ఏం చెయ్యాలి? మిక్సీలు, కుక్కర్లు అమ్ముతాను. నోరు మూసుకుంటే ఆన్‌లైన్‌వాడు మింగేస్తాడు. పండగలకి ఆటోకి మైకు కట్టి ఒడియాలో, తెలుగులో చెప్పిస్తాను. అదీ పాపమేనా?

మహేంద్రతనయ:
ధర, కొట్టు ఎక్కడుంది, రిపేరు ఎవరు చేస్తారు, ఇవి చెప్తే ఉపకారమే. ఇంతకీ మీ మైకులో ఏం చెప్పిస్తారు?

రాయగడ రైలు:
‘మీ ఇంటి ఇల్లాలి ముఖంలో నవ్వు చూడాలంటే...’ అని మొదలవుద్ది లెండి. ధర చివర్లో వస్తుంది.