కుక్క పోయిన బాధలో ఉన్న అమ్మతో తెలుగులో మాట్లాడేవాళ్లు ఎవరైనా ఉన్నారా?

నమస్కారం అండీ. మాది తెనాలి. మా ఇంట్లో 12 ఏళ్లు పెరిగిన రాముడు, మామూలు నాటు కుక్క, పోయిన నెల కిడ్నీలు పాడై చనిపోయాడు. రక్తంలో క్రియాటినిన్ అనే వ్యర్థం బాగా పెరిగిపోయింది. సెలైన్లు ఎక్కించినా లాభం లేకపోయింది.

నాన్న పోయాక అమ్మకు ఇంట్లో తోడు వాడే. ఇప్పుడు ఆమె సరిగా తినడం లేదు. వాడికి పెరుగన్నం కలిపే వేళకి వంటింట్లోకి వెళ్లి ఊరికే నిలబడుతోంది. చుట్టుపక్కల వాళ్లేమో "కుక్క కోసం ఇంత ఏడుపా, ఇంకోటి తెచ్చుకోండి" అంటున్నారు. మనిషి పోతే పెద్దకర్మ దాకా నలుగురూ వచ్చి కూర్చుంటారు, పోయినవాళ్ల గురించి చెప్పుకుంటారు. రాముడి గురించి చెప్పుకోవడానికి అమ్మకు ఎవరూ లేరు. నాకైతే అసలు బాధ అదేననిపిస్తోంది.

ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416 కి ఫోన్ చేయిస్తాను, అక్కడ తెలుగులో మాట్లాడతారు. అమెరికాలో ఉన్న చెల్లి, కార్నెల్ యూనివర్సిటీ వెటర్నరీ కాలేజీలో పెంపుడు జంతువులు పోయినవాళ్ల కోసమే హెల్ప్‌లైన్ ఉందని చెప్పింది. కానీ అమ్మకు ఇంగ్లీషు రాదు. పైగా ఆమెకు కావలసింది సలహా కాదు, ఇదే బాధ పడ్డ మనుషులు.

గుంటూరు, విజయవాడ వైపు అలా కలుసుకునేవాళ్లు ఎవరైనా ఉన్నారా? తెలుగులో వాట్సాప్ గ్రూప్ ఉన్నా చాలు. జంతువుల షెల్టర్‌కి తీసుకెళ్తే ఆమె మనసు కుదుటపడుతుందా, ఇంత తొందరగా వద్దంటారా? ఇంట్లో పెద్దవాళ్లను ఇలాంటి స్థితిలో చూసుకున్నవాళ్లు దయచేసి చెప్పండి.